కంపెనీ ల్యాప్‌టాప్, పాత వీపీఎన్, సస్పెండైన కుర్రాడు: అనంతపురం స్టూడియోలో చర్చ

అనంతపురంలో ఒక లోకల్ ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. యాంకర్‌తో పాటు ఒక హెచ్ఆర్ కన్సల్టెంట్, నెట్‌వర్క్‌లు చూసే ఒక అడ్మిన్, ఒక లెక్చరర్, ఒక ల్యాప్‌టాప్ షాప్ యజమాని మాట్లాడారు. విన్నది విన్నట్టు రాశాను. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట ఎవరి గొంతు పైకి వినిపించిందో ఆ మాటే రాయగలిగాను. కుర్రాడి పేరు, కంపెనీ పేరు, ఆ వీపీఎన్ పేరు స్టూడియోలోనూ ఎవరూ ఎత్తలేదు.

యాంకర్: నమస్కారం. బెంగళూరు కంపెనీకి మన ఊళ్లో ఇంటి నుంచి పనిచేసే ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ ఆగిపోయి, కంపెనీ ఫైళ్లు బయటికి పోయాయి. కంపెనీ అతన్ని సస్పెండ్ చేసింది, జీతం ఆపింది. ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌కు భద్రమైన దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లో లోపమని కొందరు, కుర్రాడి నిర్లక్ష్యమని కొందరు. నేను సూటిగా అడుగుతా. ఆఫీసులో కూర్చుని ఉంటే ఇది జరిగేదా? వర్క్ ఫ్రమ్ హోమ్ వల్లే కదా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు హెచ్ఆర్ కన్సల్టెంట్ మేడమ్.

హెచ్ఆర్: థ్యాంక్యూ అండి. ల్యాప్‌టాప్ ఇచ్చే రోజే కంపెనీ సంతకం తీసుకుంటుంది. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ వేయకూడదని అందులో రాసి ఉంటుంది. ఈ అబ్బాయి పీడీఎఫ్‌లు కలిపే టూల్ ఒకటి ఎక్కడి నుంచో దించుకుని...

అడ్మిన్: ఒక్క నిమిషం మేడమ్. ఆ ల్యాప్‌టాప్‌లో అతనికి అడ్మిన్ రైట్స్, అంటే మెషీన్‌లో ఏదైనా మార్చే అధికారం, ఉందా?

హెచ్ఆర్: లేవు. ఆ రైట్స్ మామూలు ఉద్యోగులకు ఇవ్వరు.

అడ్మిన్: లేవు కదా! మరి అడ్మిన్ రైట్స్ లేని మనిషి వేసిన టూల్ యాంటీవైరస్‌ను ఎట్ల ఆపింది? ఆపాలంటే పెద్ద అధికారం కావాల. ఆ అధికారం దానికి ఇచ్చింది కుర్రాడు కాదు, వీపీఎన్. నేను ఇరవై ఏళ్లుగా నెట్‌వర్క్‌లు చూస్తున్నా. లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటే ఇదే. కింది స్థాయిలో ఉన్న ప్రోగ్రామ్ అదే మెషీన్‌లో పై స్థాయికి ఎగబాకడం.

యాంకర్: ప్రేక్షకులకు అర్థమయ్యేలా చెప్పండి సార్.

అడ్మిన్: చెప్తా. వీపీఎన్‌లో మీకు కనిపించే చిన్న కిటికీ ఒకటి, కనెక్ట్ అని నొక్కుతారే, అది. దాని వెనక కనిపించకుండా నడిచే సర్వీస్ ఇంకొకటి. నెట్ దారులు మార్చాల, సైట్ పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ మార్చాల. అది మామూలు యూజర్ వల్ల కాదు. అందుకని ఆ సర్వీస్‌ను విండోస్‌లో సిస్టమ్ అనే ఖాతా కింద నడుపుతారు. ఆ ఖాతాకు మెషీన్‌లో తాళం లేని గది లేదు. ఇప్పుడు ముందున్న కిటికీ వెనకున్న సర్వీస్‌కు పని చెప్పాల కదా? ఆ చెప్పే దారిలో సరిగ్గా తనిఖీ లేకపోతే, కిటికీ బదులు ఇంకో ప్రోగ్రామ్ వచ్చి చెప్పినా సర్వీస్ చేసేస్తుంది.

లెక్చరర్: దీనికి ఉదాహరణ ఉంది. 2020లో సిస్కో కంపెనీ వీపీఎన్ ఎనీకనెక్ట్‌లో బయటపడ్డ లోపం, దాని నమోదు నంబరు సీవీఈ-2020-3153...

అడ్మిన్: అదే, అదే! 62522 అనే పోర్టు మీద, అంటే ప్రోగ్రాములు మాట్లాడుకునే ఒక ద్వారం దగ్గర, ఆ సర్వీస్ అదే మెషీన్‌లోంచి వచ్చే మాట వింటుండేది. ఫైల్ ఎక్కడ పెట్టాలో చెప్పే పాత్‌ను సరిగ్గా సరిచూడలేదు. మామూలు యూజర్ తన ఫైల్‌ను సిస్టమ్ ఫోల్డర్లలోకి కాపీ చేయించగలిగాడు. అక్కడ ఒక డీఎల్ఎల్, అంటే వేరే ప్రోగ్రాములు తెచ్చుకుని నడిపే కోడ్ ఫైల్, పెడితే చాలు, సిస్టమ్ అధికారంతో లోడ్ అయిపోతుంది.

లెక్చరర్: నన్ను పూర్తి చేయనివ్వండి సార్. ఆ లోపానికి సిస్కో 2020 ఫిబ్రవరిలోనే ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. తీవ్రత స్కోరు పదికి 6.5, అంటే మీడియం. మీడియం అనగానే చాలామంది పక్కన పెట్టేశారు. 2022 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా దాన్ని, అదే ఏడాది వచ్చిన 3433 అనే ఇంకో లోపాన్ని, నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో పెట్టింది. ప్యాచ్ వచ్చి అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు. నేను మా పిల్లలకు ఇదే చెప్తాను, లోకల్ అన్న మాట చూసి...

యాంకర్: ఆ లోకల్ అన్న మాట పట్టుకుందాం. లోకల్ అంటే మెషీన్ దగ్గర కూర్చున్నవాడేగా? ఇంట్లో అయితే తమ్ముడు ముట్టుకుంటాడు, పక్కింటి పిల్లాడు ముట్టుకుంటాడు. ఆఫీసులో అయితే సెక్యూరిటీ ఉంటుంది. ఇది వర్క్ ఫ్రమ్ హోమ్ సమస్యే కదా సార్?

లెక్చరర్: కాదండి. లోకల్ అంటే మనిషి పక్కన కూర్చోవడం కాదు. మెయిల్‌లో వచ్చిన ఫైల్‌ను యూజర్ ఒకసారి తెరిస్తే, ఆ ఫైల్ నడుస్తున్నది లోకల్‌గానే. పంపినవాడు ఏ దేశంలోనైనా ఉండొచ్చు.

అడ్మిన్: దొంగ వరండా దాకా వచ్చాడు. వరండాలో ఏముంటుంది, చెప్పులుంటాయి. బీరువా తాళం చేతికిచ్చింది ఎవరు? నేను అడుగుతున్నది అదే.

హెచ్ఆర్: వరండా తలుపు తీసింది మాత్రం ఆ అబ్బాయే కదా సార్. దాని సంగతి...

అడ్మిన్: వస్తా మేడమ్, దానికీ వస్తా. 2023 జూన్‌లో ఇంకోటి. సీవీఈ-2023-20178, స్కోరు 7.8. అదీ సిస్కో వీపీఎన్ ప్రోగ్రామే. వీపీఎన్ కనెక్ట్ అయ్యాక అప్‌డేట్ నడుస్తుంది. అప్పుడు టెంప్‌లో, అంటే తాత్కాలిక ఫైళ్లుండే చోట, ఒక ఫోల్డర్ తయారవుతుంది. దాని పర్మిషన్లు వదులుగా పెట్టారు. సర్వీస్ ఆ ఫోల్డర్‌ను సిస్టమ్ అధికారంతో చెరిపేస్తుంది. చెరిపే లోపల ఆ దారిని ఇంకో చోటికి మళ్లిస్తే సర్వీస్ పోయి అక్కడున్న ఫైళ్లు చెరుపుతుంది. అక్కడి నుంచి సిస్టమ్ కావడం తెలిసినవాడికి కష్టం కాదు. ఏ దారిలో? అప్‌డేట్ దారిలో! కంచే చేను మేయడమంటే ఇంకేముంది?

యాంకర్: అంటే వీపీఎన్‌లే ప్రమాదం అంటారా? 2022లో కేంద్రం వీపీఎన్‌లను నిషేధించింది కదా?

లెక్చరర్: నిషేధం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. జనానికి వీపీఎన్ అమ్మే కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలన్నారు. అప్పుడే కొన్ని విదేశీ కంపెనీలు మన దేశంలో సర్వర్లు తీసేసుకున్నాయి. ఆఫీసు వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత స్పష్టం చేసింది.

యాంకర్: మా తమ్ముడు ఫోన్‌లో ఫ్రీ వీపీఎన్ వేసుకుని క్రికెట్ చూస్తాడు, అదీ...

లెక్చరర్: అది వేరే విషయం అండి. పూర్తిగా వేరే.

(రెండు నిమిషాలు ఫ్రీ వీపీఎన్‌ల మీదే నడిచింది. అది రాయడం లేదు.)

అడ్మిన్: సెర్ట్-ఇన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అవే ఆదేశాల్లో, ఇట్లాంటిది తెలిసిన ఆరు గంటల్లోపల రిపోర్ట్ చేయాలని ఉంది. ఈ కంపెనీ చేసిందా?

హెచ్ఆర్: నాకు తెలియదు సార్. నేను ఆ కంపెనీ మనిషిని కాదు.

అడ్మిన్: కుర్రాడికి సస్పెన్షన్ లెటర్ మాత్రం వెంటనే పోయింది!

యాంకర్: టవర్ క్లాక్ దగ్గర ల్యాప్‌టాప్ సర్వీస్ షాప్ నడిపే అన్న ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. చెప్పన్నా.

షాప్ యజమాని: ఆ ల్యాప్‌టాప్ నేను చూసినా సార్. ఫ్యాన్ శబ్దం ఎక్కువైందని కుర్రాడు నా దగ్గరికి తెచ్చినాడు. కంపెనీది, విప్పకూడదు అని నేనే వద్దన్నా. ఆన్ చేస్తే కింద కుడివైపు వీపీఎన్ గుర్తు మీద పసుపు చుక్క, అప్‌డేట్ ఉంది అని. నొక్కితే డబ్బా వచ్చింది, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇవ్వమని. ఇదేందప్పా అంటే, నాలుగు నెలల నుంచి ఇట్లే వస్తాంది అన్నా, నా దగ్గర పాస్‌వర్డ్ లేదు అన్నాడు. ఐటీ వాళ్లకు మూడు టికెట్లు, అంటే ఆన్‌లైన్ ఫిర్యాదులు, వేసినాడు. ఫోన్‌లో చూపించినాడు. మూడింటి కిందా క్లోజ్డ్ అని ఉంది. ఒక్కదానికి కూడా మనిషి రాసిన జవాబు లేదు.

(స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చర్చ మొత్తంలో అందరూ ఆగింది ఇక్కడొక్కచోటే.)

అడ్మిన్: విన్నారా! నాలుగు నెలలు! పాస్‌వర్డ్ మీ దగ్గర, తప్పు అతని మీద. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? అడ్మిన్ రైట్స్ ఇవ్వనప్పుడు ప్యాచ్ వేయాల్సింది ఎవరు? కంపెనీ. మూడోసారి చెప్తున్నా, కంపెనీ!

హెచ్ఆర్: నేను ఒకటి చెప్పాలి. వేల ల్యాప్‌టాప్‌లున్న చోట వీపీఎన్ ప్యాచ్ వేయడమంటే మామూలు కాదు. అది తేడా వస్తే మొత్తం జనం పని ఆగిపోతుంది. మళ్లీ బాగు చేద్దామన్నా కనెక్ట్ అయ్యే దారి అదొక్కటే. అందుకే ముందు కొంతమందికి వేసి పరీక్షిస్తారు. ఆలస్యానికి కారణం...

అడ్మిన్: పరీక్షకు రెండు వారాలు చాలు. నాలుగు నెలలేంది?

లెక్చరర్: మేడమ్ చెప్పింది కూడా నిజమే. ఆ కష్టం నేనూ చూశాను. కానీ ఇంకో అడ్డు కూడా పెట్టొచ్చు. కంపెనీ ఒప్పుకున్న ప్రోగ్రాములు తప్ప ఏవీ నడవకుండా చేసే సదుపాయం విండోస్‌లోనే ఉంది. అది పెట్టి ఉంటే ఆ పీడీఎఫ్ టూల్ తెరుచుకునేదే కాదు. అబ్బాయి చేసింది తప్పే. అయితే ఒక్క తప్పుతో అంతా కూలిపోయిందంటే కట్టినవాళ్లను కూడా...

అడ్మిన్: కట్టినవాళ్లనే అడగాల! నేను మొదటి నుంచి అంటున్నది అదే.

లెక్చరర్: వాళ్లను కూడా అన్నాను సార్. వాళ్లనే అనలేదు.

యాంకర్: సరే. బెంగళూరులో రూమ్ అద్దెలు ఎట్లున్నాయో మనకు తెలుసు. ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే. ఇట్లాంటివి రెండు మూడు జరిగితే కంపెనీలు అందరినీ వెనక్కి రమ్మంటాయి. మన జిల్లా పిల్లలు ఎంతమంది ఇంటి దగ్గర, అమ్మానాన్నల దగ్గర ఉండి పనిచేసుకుంటున్నారు! అందుకే మళ్లీ అడుగుతున్నా, వర్క్ ఫ్రమ్ హోమ్ ఆపేస్తే ఈ సమస్య పోతుందా? ఒక్క మాటలో.

లెక్చరర్: పోదు. ఆఫీసులో ఉన్న ల్యాప్‌టాప్‌లోనూ అదే సర్వీస్ నడుస్తుంటుంది.

హెచ్ఆర్: తగ్గుతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే అప్‌డేట్లు వేయడం సులువు.

అడ్మిన్: ఇంట్లో ఉన్న మెషీన్‌కు కూడా ఇప్పుడు నెట్ మీదనే అప్‌డేట్ పంపొచ్చు మేడమ్. వీపీఎన్ కూడా అక్కర్లేదు. ఇష్టముంటే.

షాప్ యజమాని: సార్, ఆ పిల్లోని జీతం సంగతి ఎవరన్నా చెప్పండి. వాళ్ల నాయన రోజూ షాపుకు వచ్చి అడుగుతున్నాడు. ఇంటి లోన్ ఉంది.

యాంకర్: ముఖ్యమైన ప్రశ్న. మేడమ్, విచారణ కాకుండా జీతం ఆపొచ్చా?

హెచ్ఆర్: సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు భత్యం అని ఒకటి ఉంటుంది, అది కంపెనీ నిబంధనలను బట్టి...

అడ్మిన్: ముందు ఆ మూడు టికెట్లు ఎవరు క్లోజ్ చేశారో తేల్చమనండి! లాగ్‌లో పేరు ఉంటుంది. ఆ పేరు బయటికి రానీయండి. నేను సవాల్ చేస్తున్నా, ఈ ఛానల్ ద్వారానే...

యాంకర్: సార్, టైమ్ అయిపోయింది.

అడ్మిన్: ఒక్క నిమిషం. చూస్తున్న పిల్లలకు చెప్తున్నా. అప్‌డేట్ అడిగి మీరు చేయలేకపోతే స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌లో పంపండి. టికెట్ ఒక్కటే వేసి ఊరుకోవద్దండి. తేదీ కనిపించాల.

యాంకర్: మంచి మాట. వర్క్ ఫ్రమ్ హోమ్ కొనసాగాలా వద్దా, మీ అభిప్రాయం మాకు పంపండి. మేడమ్, చివరగా పది సెకన్లు.

హెచ్ఆర్: ఆ టికెట్ల విషయం ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు. అవి నిజమైతే నేను మొదట చెప్పింది...

(టైటిల్ మ్యూజిక్ వచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ ఏమన్నారో వినపడలేదు.)