ప్రపంచ పటంలో మన అరగంట ఎక్కడ?

నమస్తే అండి. ఈ రోజు మాట్లాడుకునే వాచీ నా దగ్గర లేదు, వచ్చే యోగమూ లేదు. ఫొటోలతోనే సరిపెట్టుకుందాం. స్క్రీన్ మీద చూడండి. లోకంలో ఏ ఊళ్లో ఎంత టైమో ఒకేసారి చూపించే వాచీ ఇది. పటేక్ ఫిలిప్ అనే స్విస్ కంపెనీది, 1953లో వచ్చిన 2523 మోడల్. అంచున ఊళ్ల పేర్లున్న రింగు, దాని లోపల 24 గంటల రింగు, నడిమధ్య యూరప్, ఆసియా కలిసిన పటం. ఆ పటం మన రూపాయి బిళ్ల కన్నా చిన్నది. 2021లో జెనీవాలో ఈ రకం వాచీ ఒకటి వేలానికి వస్తే 70 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. మన డబ్బుల్లో 50 కోట్ల పైమాటే. అంబాజీపేట వైపు కొబ్బరితోట ఎకరం ఎంతుందో మీకు తెలుసు, మిగతా లెక్క మీరే వేసుకోండి.

లోపలి మెషిన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. లూయీ కాటియర్ అని జెనీవా దగ్గరి పనివాడు, 1931లో ఈ పద్ధతి కనిపెట్టాడు. మీ ఊరు పేరు 12 దగ్గరికి తెచ్చి పెడితే చాలు. 24 గంటల రింగు ముళ్లకి ఎదురు దిశలో రోజుకొక్క చుట్టు తిరుగుతుంది. ఏ ఊరి పేరు పక్కన ఏ అంకె ఉంటే అక్కడ అప్పుడు అన్ని గంటలు. అంతే. నా మనసంతా ఆ మధ్య బొమ్మ మీదే ఉంది.

పాలకొల్లులో నాకు తెలిసిన బంగారం పని చేసే పెద్దాయన ఒకరున్నారు. ఫోన్‌లో ఈ డయల్ పెద్దది చేసి చూపించాను. కళ్లజోడు పైకి నెట్టుకుని, "మీనా పనే కదా బాబూ" అన్నారు. ఇంకాస్త చూసి, "కాదు కాదు, ఇందులో చెక్కుడు లేదు. తీగ నిలబెట్టాడు" అన్నారు. అదే అసలు తేడా అండి. మన మీనాకారీలో బంగారాన్ని చెక్కి గుంట చేసి, ఆ గుంటలో రంగు నింపుతారు. ఇక్కడ గుంటలుండవు. కమ్మచ్చు అనే చిల్లుల పలకలోంచి లాగి లాగి వెంట్రుకంత చేసిన బంగారు తీగని పట్టకారుతో వంచుతూ అరేబియా తీరం, ఇండియా కొస, జపాన్ దీవులు ఒక్కొక్కటీ తిప్పుకుంటూ వెళ్లాలి. ఆ తీగని పళ్లెం మీద పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. దీన్ని క్లోయ్‌జొనే అంటారు.

ఆయన రెండో ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "వెనక కూడా పూశాడా?" అని అడిగారు. పూస్తారండి! ఎనామిల్ అంటే గాజు పొడి. గాజూ లోహమూ వేడికి ఒకేలా సాగవు, చల్లారేటప్పుడు ఒకేలా ముడుచుకోవు. ఒక్కవైపే పూస్తే పళ్లెం ఎండలో పెట్టిన అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకే ఎవరికీ కనపడని వెనకవైపు కూడా ఎనామిల్ పూసి కాలుస్తారు. స్విట్జర్లాండ్ ఎప్పుడూ చూడని మనిషి, ఆ డయల్ వెనక ఏముందో కూర్చున్న చోటే చెప్పేశాడు.

ఇక రంగులు. ఊడ్పుల ముందు ఏటిగట్టు మీంచి బస్సులో వెళ్తుంటే చేలు ఎలా కనపడతాయి? గట్టుకి గట్టుకి మధ్య నీళ్లు. ఒక మడిలో ఆకాశం, పక్క మడిలో బురద, ఆ పక్కన పచ్చటి నారుమడి. గట్టు గండి పడిందా, అన్నీ ఏకం. ఇక్కడ తీగ చేసే పని గట్టు పనే. సముద్రం గదిలో కోబాల్ట్ కలిసిన నీలం పొడి, నేల గదుల్లో ఆకుపచ్చ, గోధుమ రంగులు. పొడి మెత్తగా నూరి, కడిగి, తడిగానే సన్నటి కుంచెతో నింపి, సుమారు 800 డిగ్రీల వేడిలో కొద్దిసేపు కాలుస్తారు. కరిగాక రంగు కిందికి దిగిపోతుంది. మళ్లీ నింపడం, మళ్లీ కాల్చడం. ఇలా చాలాసార్లు. చివరిసారి కాల్చేటప్పుడు ఒక్క బుడగ వచ్చినా, జుట్టంత బీట వచ్చినా అన్ని రోజుల పనీ గంగపాలు. అన్నీ సరిగ్గా కుదిరితే సానపెట్టి తీగ అంచులు బయటపెడతారు. అప్పుడు తీరం బంగారు గీతలా మెరుస్తుంది. గాజు రంగు కాబట్టి డెబ్బై ఏళ్లయినా వెలిసిపోదు.

మన గోదావరి కనపడుతుందా అని అడక్కండి. ఆసియాని అంత చిన్న చోట ఇరికిస్తే రాజమండ్రి నుంచి సముద్రం దాకా ఉన్న డెల్టా అంతా ఆ తీగ మందంలో కలిసిపోతుంది. దానికి నాకేం బాధ లేదు. నా ఫిర్యాదు వేరే.

దేశమంతా నడిచే మన టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత కాకినాడ దాటి తుని వైపున తీరం దిగి బంగాళాఖాతంలోకి వెళ్తుంది. అంటే దేశం గడియారం దాదాపు మన గుమ్మం ముందు నుంచే పోతోంది. కాటియర్ పద్ధతిలో మాత్రం లెక్కంతా పూర్తి గంటలదే. లండన్ దగ్గరి గ్రీన్విచ్ టైమ్ కన్నా కరాచీ అయిదు గంటలు ముందు, ఢాకా ఆరు. మన అయిదున్నరకి కుర్చీ లేదు. కారణం చిన్నదే. వాచీకి నిమిషాల ముల్లు ఒక్కటే, లోకమంతా అదే నిమిషం నడుస్తోందని దాని నమ్మకం. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ కంపెనీ 2011లో అరగంటలు, ముప్పావు గంటలు కూడా కలిపి 37 జోన్ల వాచీ తెచ్చింది. అందులోనూ పటం ఉంది గానీ, ఈ తీగ ఎనామిల్ కాదు. నన్నడిగితే, లెక్కలో అది గొప్పది, అందంలో ఇదే.

కోనసీమలో ఈ అరగంట ఎవరికీ కొత్త కాదు. మా పిన్ని కూతురు కువైట్‌లో ఉంటుంది. పిన్ని వంటింట్లో రెండు గోడ గడియారాలు పక్కపక్కనే ఉంటాయి. రెండోదాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పి, దాని కింద మా చెల్లి ఫొటో అంటించింది. మొన్న నేను వెళ్లేసరికి ఆ రెండోది ఆగిపోయి ఉంది. "బ్యాటరీ మార్చనా పిన్నీ?" అంటే, "ముందు దానిది మార్చరా, ఇక్కడి టైమ్ ఎలాగూ సైరన్‌కి తెలిసిపోద్ది" అంది.