ఎపిసోడ్ 42: వాన, వారంటీ, బియ్యం డబ్బా

అక్క: నమస్కారం. ఈ వారం ఫోనులోనే రికార్డు చేస్తున్నాం. గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటే సర్దుకోండి.

తమ్ముడు: డబ్బా మాట ఎత్తకూడదని ముందే అనుకున్నాం కదా.

అక్క: నేనన్నది వేరే డబ్బా. సరే, నేటి విషయం: తేమతో ల్యాప్‌టాప్ చెడిపోతే వారంటీ వర్తిస్తుందా? మాది విశాఖ, సముద్రపు గాలి. ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

తమ్ముడు: ఈసారి వంతు నాది. ఏసీ గదిలోంచి తెచ్చి బాల్కనీలో ఆన్ చేశాను. ఒక్క చుక్క నీరు ఒలకలేదు. అయినా పోయింది.

అక్క: ఒలకనక్కర లేదు. బయట 32 డిగ్రీల వేడి, గాలిలో 75 శాతం తేమ ఉంటే, సుమారు 27 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పడుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టు. బ్యాగులోంచి తీయకుండా కాసేపు వదిలేస్తే బయటి వేడికి అలవాటు పడేది.

తమ్ముడు: ఆవకాయ జాడీ కూడా అంతే అక్కా. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మూత తెరిస్తే...

అక్క: వచ్చేసింది జాడీ. నిమిషమైనా ఆగలేదు.

తమ్ముడు: సర్వీస్ సెంటర్‌లో విప్పి చూశారు. లోపల తెల్ల స్టిక్కరు ఎర్రబడిందట. నీరు తాకింది, వారంటీ రాదన్నారు.

అక్క: నీరు నేరుగా తగిలితే రంగు మారేలా చేసిన స్టిక్కరు అది. మామూలు గాలి తేమకు మారకూడదు. నువ్వు మధ్యలో ఇంకేం చేశావో చెప్పు.

తమ్ముడు: బియ్యంలో పెట్టాను.

అక్క: (నిట్టూర్పు) ఎన్నాళ్లు?

తమ్ముడు: మూడు రోజులు. నవ్వకు. నా పాత ఫోను బియ్యంలోనే బాగుపడింది.

అక్క: అది దానంతట అదే ఆరింది, పేరు బియ్యానికి వచ్చింది. శ్రావణంలో మన ఇంటి బియ్యం అప్పటికే తేమ పీల్చుకుని కూర్చుంటుంది. నీ ల్యాప్‌టాప్ నీటిని ఎక్కడ పెట్టుకోవాలి? పైగా ఆ పిండి, నూక అంతా పోర్టుల్లోకి.

తమ్ముడు: మరి బూట్ల పెట్టెలో వచ్చే ఆ చిన్న పొట్లాలు?

అక్క: సిలికా జెల్ బియ్యంకన్నా నయమే. కానీ నీరు ఆరినా సముద్రపు గాలితో లోపల చేరిన ఉప్పు ఎక్కడికీ పోదు కదా. ఆఫ్ చేసినా బ్యాటరీ, లోపలి మదర్‌బోర్డుకు కలిసే ఉంటుంది. తడి, ఉప్పు, కరెంటు మూడూ కలిస్తే రాగి గీతల మీద చిలుము పుడుతుంది. నానమ్మ రాగి బిందె గుర్తుందా?

తమ్ముడు: చింతపండుతో తోమితే తళతళలాడేది.

అక్క: మదర్‌బోర్డును చింతపండుతో తోముతావా?

తమ్ముడు: అడిగాను, అంతే.

అక్క: బ్యాటరీ విడదీసి, త్వరగా ఆవిరయ్యే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. అదీ తెలిసినవాళ్లు.

తమ్ముడు: జాడీ విషయంలో కూడా తడి గరిటె పెట్టకూడదని ఊరికే అనలేదు...

అక్క: ఒరేయ్! (కాసేపు మౌనం) ఇంతకీ మన మొదటి ఏడాది రికార్డింగులు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయా?

తమ్ముడు: ఉన్నాయి.

అక్క: వేరే హార్డ్ డిస్కులో పెట్టానన్నావు.

తమ్ముడు: పెడదామనుకున్నాను.

అక్క: ... గొడుగు ఎపిసోడ్ కూడానా?

తమ్ముడు: అదీ.

అక్క: సరే. వారంటీ సంగతి త్వరగా ముగిస్తాను, నాకు ఇప్పుడు మాట్లాడాలని లేదు. మామూలు వారంటీ తయారీ లోపానికే, నీటి నష్టానికి కాదు. దానికి వేరే ప్లాన్ కొనుక్కోవాలి. 90 శాతం తేమ వరకు పరవాలేదని రాసే కంపెనీలు కూడా పక్కనే ‘నీరు పేరుకోకూడదు’ అంటాయి. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయండి, ఏ స్థితిలో ఇచ్చారో జాబ్ షీటులో, అంటే రిపేరుకు తీసుకున్నట్టు వాళ్లిచ్చే కాగితంలో, రాయించండి. కాదన్నారంటే కారణం కాగితం మీద ఇమ్మనండి, బోర్డు ఫోటో అడగండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు.

తమ్ముడు: నా చేతిలో జాబ్ షీటు లేదు.

అక్క: తెలుసు. ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడెక్కడుంది?

తమ్ముడు: తిరిగి తెచ్చాక మళ్లీ డబ్బాలోనే... ఇంకో రెండు రోజులు చూద్దామని.

అక్క: అమ్మ పొద్దున ఆ డబ్బాలోంచే బియ్యం తీసింది.

తమ్ముడు: తీస్తే కనిపించేది కదా?

అక్క: అడుగున పెట్టావా, పైన పెట్టావా?

తమ్ముడు: ఉండు, చూసి వస్తాను.