గేదెకి చోటుందా?

శ్రోతలకు నమస్కారం.

2018 అక్టోబరు 10 సాయంత్రం. తిత్లీ తుఫాను వస్తోందని అందరి ఫోన్లూ మోగుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు సముద్రం పక్కన ఓ ఊళ్లో ఒక ముసలమ్మని షెల్టర్‌కి తీసుకెళ్లడానికి కుర్రాళ్లం నానా తంటాలూ పడుతున్నాం. ఆవిడ గేదె పలుపు వదలదు. "దీన్నొగ్గీసి నానెలాగ వస్తాను బాబూ? అక్కడ దీనికి చోటుందా?" అంది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

తెల్లవారుజామున తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి.

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన. అక్టోబరంటే మనకి దసరాతోపాటు గాలి టెన్షన్ కూడా. వాతావరణ శాఖని మాత్రం తప్పుపట్టలేం. తుఫాను ముప్పుంటే 72 గంటల ముందే అధికారుల్ని అప్రమత్తం చేస్తుంది, 48 గంటలకి ఒక హెచ్చరిక, 24 గంటలకి ఇంకొకటి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉంది. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో విపత్తుల నష్టం తగ్గించడానికి దేశాలన్నీ ఒప్పుకున్న ప్రణాళికలో ఏడు లక్ష్యాలున్నాయి. ముందస్తు హెచ్చరిక ప్రజలకి చేరడం అందులో ఒకటి. చేరడమంటే ఏమిటన్నదే నా పేచీ. ఫోన్ మోగితే చేరినట్టా, కాలు గడప దాటితే చేరినట్టా?

బంగ్లాదేశ్‌లో 1991 తుఫానుకి సుమారు 1,38,000 మంది పోయారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లే చాలా ఎక్కువ. ఎందుకని పరిశోధకులు ఆరా తీస్తే చిన్నచిన్న కారణాలే బయటపడ్డాయి. చంకలో పిల్లలు, కాళ్లకి చుట్టుకునే చీర, ముక్కూమొహం తెలీని మగవాళ్ల మధ్య రాత్రంతా ఎలా గడపాలన్న బెరుకు. ఇప్పుడక్కడ షెల్టర్లలో ఆడవాళ్లకి వేరే గదులు, మరుగుదొడ్లు కడుతున్నారు. పశువులకి ఎత్తైన మట్టిదిబ్బలు కూడా ఉన్నాయి, వాటిని కిల్లాలంటారు.

నేను చూసిన ఒక షెల్టర్‌లో బాత్రూం తలుపుకి గడియ ఊడిపోయింది. ఒకమ్మాయి లోపలికెళ్తే ఇంకొకమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడుతోంది. మరుసటి తుఫానుకి ఆ ఇద్దరూ ఇల్లు కదులుతారా? గడియ ఖరీదెంతని? సెప్టెంబరులోనే ఊళ్లో నలుగురు కలిసి షెల్టర్ తలుపులు తీసి, కుళాయి తిప్పి, గడియ వేసి చూసుకుంటే సరిపోయే పని. ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లుండాలి, లేకపోతే గడియ సంగతి ఎవరికీ గుర్తురాదు.

ఇదే తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి బాధ వేరు. ఎన్ని గంటల ముందు చెప్పినా చెట్టు షెల్టర్‌కి రాలేదు కదా! పడిపోయిన నాటు చెట్టు చోట మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు. అంతవరకూ ఇల్లు గడిచేదెలాగన్నది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఆ రాత్రి గేదెని, కాస్త మెరక మీదున్న బడి వరండాలో కట్టాం. ముసలమ్మ మా ముడిని నమ్మలేదు. విప్పి తనే మళ్లీ వేసి, రెండుసార్లు లాగి చూసి, అప్పుడెక్కింది షెల్టర్ మెట్లు.