మా వీధికి కొత్త రోడ్డు వేయకండి, మహాప్రభో!

నమస్కారం. శీర్షికలో అచ్చుతప్పేమీ లేదు. మా వీధికి కొత్త రోడ్డు వద్దు, నన్నడిగితే మీ వీధికీ వద్దు. మన పట్టణంలో ఎన్నికల బరిలో దిగిన అభ్యర్థి గారి కరపత్రం ఈపాటికి మీ గుమ్మం దాకా వచ్చే ఉంటుంది. అందులో మొదటి ప్రాధాన్యం ప్రతి వీధికీ సిమెంటు రోడ్డు, రెండోది కూడలిలో రంగుల దీపాల ఫౌంటెన్, మూడోది ఊరి మొదట్లో స్వాగత ద్వారం కాగా, మురుగుకాలువలు మాత్రం చిట్టచివర, ముద్రణాలయం పేరుకు సరిగ్గా పైన, ‘మొదలైనవి’ అన్న మాటలో కలిసిపోయాయి. ఈ వరుస తప్పని అన్నందుకు ఆయన అనుచరులు నన్ను అభివృద్ధి నిరోధకుడిని చేశారు. సరే, ఆ బిరుదుతోనే చెబుతున్నాను: ఈ గోదావరి డెల్టాలో లెవెలు చూడకుండా వేసే ప్రతి రోడ్డూ ఇళ్లను ముంచే గట్టే.

నా చిన్నతనంలో మా మేనత్త గారింట్లోకి మూడు మెట్లెక్కి వెళ్లేవాళ్లం. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే ఒక పొర, కొన్నేళ్లకు ఆ పొర మీద మరో పొర వేస్తూ పోగా, ఇవాళ అదే ఇంట్లోకి వీధిలో నుంచి ఒక మెట్టు దిగి వెళుతున్నాం. ఇల్లు కుంగలేదండీ, వీధి పెరిగింది. గట్టి వాన పట్టిందంటే అత్తయ్య గడపకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి, బియ్యం డబ్బాను మంచమెక్కిస్తుంది. ఎదురుగా ఉన్న శిలాఫలకం మాత్రం ఏనాడూ మునగలేదు. దాన్ని నిలబెట్టినవారికి ఎంత ఎత్తు కావాలో బాగా తెలుసు.

డెల్టా అంటే నది తెచ్చి పోసిన ఒండ్రు నేల, పళ్లెంలా చదునుగా ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర విగ్రహానికి ఊరూరా దండలు వేస్తాం, సాగునీరు తెచ్చే కాలువకు పసుపు కుంకుమలు జల్లుతాం. వాడిన నీటిని మోసుకుపోయే మురుగుకాలువకు దండం పెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. యనమదుర్రు డ్రెయిన్ సంగతే తీసుకోండి. మెట్టలో కురిసిన వాన ఎర్రకాలువగా దిగివచ్చి, నందమూరు అక్విడెక్టు (ఒక నీటి ప్రవాహం మీదుగా మరోదాన్ని దాటించే వంతెన) దాటాక యనమదుర్రుగా మారి, పొలాల నీటినీ చేపల చెరువుల నీటినీ ఊళ్ల మురుగునూ కలుపుకొని, గుర్రపుడెక్కను తోసుకుంటూ భీమవరం మీదుగా సముద్రం వైపు సాగుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దిగువ నీరు వెనక్కి తన్నుతుంది. డ్రెయిన్ నిండుగా ఉంటే వీధికాలువ నీరు అందులోకి దిగదు. దిగలేని నీటికి ఎత్తయిన సిమెంటు రోడ్డు అడ్డం పడితే, అది వెతుక్కునే పల్లం మన వంటగదే.

మరి ఇంత తెలిసి కూడా కాలువలు చివరికెందుకు పోయాయి? దీనికి నా దగ్గరొక రిబ్బను సిద్ధాంతం ఉంది. ఏ పని ముందు నిలబడి రిబ్బను కత్తిరిస్తే ఫొటో బాగా వస్తుందో అది జాబితాలో పైకి వెళుతుంది. పూడిక తీసిన కాలువ పక్కన నిలబడి ఎవరు మాత్రం ఫొటో దిగుతారు? ఈ సిద్ధాంతానికి విరుద్ధంగా ఉండే కరపత్రం ఒక్కటి చూపించండి, మీ ఇంటికి ఆత్రేయపురం పూతరేకులు నేనే పట్టుకొస్తాను. ఇక ఫౌంటెన్ అంటారా, వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక మంచినీళ్ల చెరువులో నిలవున్న నీటితో రోజులు నెట్టుకొచ్చే ఊళ్లో నీళ్లను గాలిలోకి చిమ్మి చూపించే ముచ్చట ఎవరిదో నాకర్థం కాలేదు.

రోడ్డే వద్దని నేను మొండికేయడం లేదు. ముందుగా డ్రెయిన్ అడుగు నుంచి మీ వీధి చివరి ఇంటి గడప దాకా లెవెళ్లు తీయించాలి, పూడిక తీయించాలి, వాలు చాలని చోట పంపులు పెట్టించాలి. ఆ తరువాత పాత పొరను తవ్వి పారేసి, గడప కంటే కిందనే ఉండేటట్లు రోడ్డు వేస్తే కొబ్బరికాయ నేనే కొడతాను.

అభ్యర్థి గారు మా వీధికి వచ్చిన రోజున నేను దండతో కాక కొలిచే టేపుతో ఎదురువెళతాను. మీరు కూడా మీ గడపకూ రోడ్డుకూ తేడా ఎన్ని అంగుళాలో, రెండింటిలో ఏది పైనుందో కొలిచి కింద రాయండి. ఆ అంకెలన్నీ ఆయన కరపత్రం వెనకవైపు రాసి ఆయన చేతికే ఇస్తాను. అటువైపు ఎలాగూ ఖాళీగానే ఉంది.