అప్పు లేని జట్టుకు వచ్చిన ఆపద

శ్రోతలకు నమస్కారం.

2014 మే నెల 25వ తేదీన, స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని ఎయిబార్ అనే పట్టణంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసింది. సొంత మైదానంలో ఆడుతున్న ఎయిబార్ జట్టు, పొరుగున ఉన్న అలవేస్ జట్టును ఒకే ఒక్క గోలుతో ఓడించింది. ఆ రోజుతో, డెబ్భై మూడేళ్ల తన చరిత్రలో మొట్టమొదటిసారిగా, స్పెయిన్ ప్రథమ శ్రేణి లీగ్ అయిన లా లిగాలో ఆడే అర్హత ఆ క్లబ్‌కు దక్కింది. ఎయిబార్ జనాభా దాదాపు 27 వేలు. ఆ పట్టణంలోని వాళ్లందరినీ, చంటిపిల్లలతో సహా తీసుకువెళ్లి, బార్సిలోనా వారి క్యాంప్ నూ స్టేడియంలో కూర్చోబెట్టినా అప్పట్లో అక్కడున్న కుర్చీలలో మూడింట రెండు వంతులకు పైగా ఖాళీగానే మిగిలిపోయేవి.

ఊరు పండుగ చేసుకుంటున్న ఆ రోజుల్లోనే క్లబ్ నిర్వాహకులు మాత్రం మరొక లెక్కతో తల పట్టుకుని కూర్చున్నారు. ఆగస్టు 6వ తేదీలోగా 17 లక్షల 24 వేల యూరోల కొత్త మూలధనం సమకూర్చకపోతే, ప్రథమ శ్రేణి మాట దేవుడెరుగు, అంతవరకు ఆడుతున్న ద్వితీయ శ్రేణి కూడా దక్కదు. మూడవ శ్రేణికి దిగిపోవలసి వస్తుంది. విచిత్రమేమిటంటే ఆ క్లబ్‌కు అప్పు అనేదే లేదు. అప్పుల ఊబిలో కూరుకుపోయిన క్లబ్బులను అదుపులో పెట్టడానికి చేసిన నిబంధన, అప్పు లేని క్లబ్ మెడకు చుట్టుకుంది. ఆ కథ చెప్పుకోవాలంటే ముందుగా ఆ ఊరిని గురించి కాస్త తెలుసుకోవాలి.

ఎయిబార్ పట్టణం ఏగో అనే చిన్న నది పారే ఇరుకైన లోయలో ఉంటుంది. చదునైన నేల అక్కడ కరువు. అందుకే ఇళ్లూ, కార్ఖానాలూ ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలువునా లేచాయి. కొండవాలు వీధులు ఎక్కడానికి ఆరుబయటనే లిఫ్టులు, కదిలే మెట్లు కూడా ఏర్పాటు చేశారు. శతాబ్దాలుగా ఆ ఊరి వృత్తి తుపాకుల తయారీ. నేటికీ ఆ జట్టును అభిమానులు ముద్దుగా పిలుచుకునే పేరు 'అర్మేరోస్', అంటే తుపాకులు చేసేవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆయుధాలకు గిరాకీ పడిపోగా అక్కడి పనివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తుపాకీ గొట్టాన్ని గురి తప్పకుండా తీర్చగలిగిన చేతికి సైకిల్ గొట్టం ఒక లెక్కా? 1840లో తుపాకుల సంస్థగా మొదలైన ఓర్బియా ఆ విధంగానే సైకిళ్ల సంస్థగా మారింది. 1920లో ఆయుధ కార్మికులు తమలో తాము కలిసి సహకార పద్ధతిలో స్థాపించుకున్న ఆల్ఫా సంస్థ, కొద్దికాలానికే కుట్టుమిషన్లు తయారుచేయసాగింది. నలుగురూ తలా కొంత వేసుకుని ఒక సంస్థను నిలబెట్టుకోవడం ఆ ఊరికి కొత్త కాదని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావించాను.

1931 ఏప్రిల్ 14వ తేదీ తెల్లవారుజామున స్పెయిన్‌లో గణతంత్రాన్ని అందరికంటే ముందు ప్రకటించిన పట్టణం కూడా ఎయిబారే. అంతర్యుద్ధంలో, 1937 ఏప్రిల్‌లో, విమానాల బాంబుదాడికి పట్టణం నడిబొడ్డు నేలమట్టమైంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1940 నవంబరు 30న, పట్టణంలోని రెండు చిన్న జట్లు కలిసిపోయి నేటి ఎయిబార్ క్లబ్‌గా అవతరించాయి. ఇపురువా అనే మైదానాన్ని 1947 సెప్టెంబరులో ప్రారంభించుకున్నారు. ఈనాటికీ అదే వారి ఇల్లు. మైదానాన్ని ఆనుకుని పొడవాటి నివాస భవనాలు నిలబడి ఉంటాయి. టికెట్టు కొననక్కరలేకుండా, తమ బాల్కనీలో మోచేతులు ఆనించుకుని నిలబడి, ఆటగాడు కార్నర్ కిక్ కొట్టడానికి బంతిని సర్దుకోవడం చూడగలిగే అదృష్టవంతులు ఆ ఊరిలో కొందరున్నారు. టెలివిజన్‌లో ఆ జట్టు ఆటలు చూసిన వారికి, గోల్ స్తంభాలకంటే ముందు ఆ బాల్కనీలే గుర్తుకు వస్తాయని నా అభిప్రాయం.

తరువాతి అరవై ఏళ్ల చరిత్రను త్వరగానే దాటిపోవచ్చు. 1953 నుంచి 1958 వరకు ద్వితీయ శ్రేణిలో ఐదు సీజన్లు ఆడి కిందికి దిగిన ఎయిబార్, మళ్లీ ఆ మెట్టు ఎక్కడానికి 1988 దాకా ఎదురుచూసింది. ఈసారి మాత్రం పట్టు వదలలేదు. 2006 వరకు వరుసగా 18 సీజన్లు ద్వితీయ శ్రేణిలోనే నిలిచింది. పెద్ద క్లబ్బులు నేరుగా తమ జట్టులోకి తీసుకోవడానికి సందేహించే కుర్రవాళ్లను ఒక సీజన్ కోసం అరువు తెచ్చుకుని ఆడించడం ఎయిబార్ పద్ధతి. తరువాతి కాలంలో ప్రపంచ కప్ గెలిచిన స్పెయిన్ జట్టులో ఆడిన షాబి అలొన్సో 2000వ సంవత్సరంలోను, దావిద్ సిల్వా 2004లోను అలా వచ్చి ఆ ఇరుకు మైదానంలో రాటుదేలి వెళ్లినవారే. సిల్వా ఆడిన 2004-05 సీజన్‌లో హోసె లూయిస్ మెందిలిబార్ కోచ్‌గా ఉన్న జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ రోజుల్లో పై శ్రేణికి వెళ్లేది మొదటి మూడు జట్లే. అంటే ఒక్క మెట్టు దూరంలో చేయి జారిపోయింది. ఆ నిరాశ తరువాత జట్టు కిందికి పడడం, లేవడం, మళ్లీ పడడం జరిగి, 2009 నుంచి నాలుగేళ్ల పాటు మూడవ శ్రేణిలో మగ్గిపోయింది.

2012లో గైస్కా గరితానో కోచ్‌గా వచ్చారు. ఒకప్పుడు ఆయన కూడా ఎయిబార్ ఆటగాడే. ఆ సీజన్‌లోనే, మూడవ శ్రేణి జట్టుగా ఉంటూనే, ఎయిబార్ స్పెయిన్ రాజు పేరిట జరిగే కప్ పోటీలో బాస్క్ ప్రాంతపు మహాక్లబ్ అయిన అథ్లెటిక్ బిల్బావోను ఇంటిదారి పట్టించింది. 2013లో ద్వితీయ శ్రేణికి, 2014లో ఆ శ్రేణి విజేతగా ప్రథమ శ్రేణికి, వరుసగా రెండేళ్లలో రెండు మెట్లు ఎక్కింది.

ఇక ఆ నిబంధన సంగతికి వద్దాం. స్పెయిన్‌లోని ఫుట్‌బాల్ క్లబ్బులు ఇష్టం వచ్చినట్టు అప్పులు చేస్తున్నాయన్న కారణంతో, వృత్తిస్థాయిలో ఆడే క్లబ్బులు వాటాదారులతో కూడిన కంపెనీలుగా మారాలని 1990లో క్రీడా చట్టం ఆదేశించింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా అనే నాలుగు క్లబ్బులకు మాత్రం మినహాయింపు దొరికింది. కంపెనీలకు ఉండవలసిన కనీస మూలధనం ఎంత అన్నదాన్ని 1999 నాటి ఒక ఉత్తర్వు నిర్ణయించింది. ద్వితీయ శ్రేణిలోని క్లబ్బుల ఖర్చులు తీసుకుని, అందులో అతి పెద్ద ఖర్చుదారులు ఇద్దరినీ, అతి చిన్న ఖర్చుదారులు ఇద్దరినీ వదిలివేసి, మిగిలినవాటి సగటు కట్టి, ఆ సగటులో నాలుగవ వంతుకు తక్కువ కాకుండా ప్రతి క్లబ్‌కూ మూలధనం ఉండాలన్నది దాని సారాంశం. ఎయిబార్ మూలధనం అప్పటికి 4 లక్షల 22 వేల యూరోలు. లెక్క ప్రకారం ఉండవలసింది 21 లక్షల 46 వేల యూరోలు.

ఇందులోని తిరకాసు శ్రోతలు గమనించే ఉంటారు. ఒక క్లబ్ సొంత ఖర్చు ఎంత, దాని ఆదాయానికి ఆ ఖర్చు తగినదేనా అన్న ప్రశ్న ఆ సూత్రంలో ఎక్కడా లేదు. పక్కింటివాడు చేసే ఖర్చును బట్టి మన పెట్టెలో ఎంత సొమ్ము ఉండాలో నిర్ణయించినట్టు, ఇతర క్లబ్బుల దుబారాతో ఎయిబార్ పొదుపును కొలిచారు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకున్న క్లబ్‌ను, నీ దుప్పటి పొరుగువాడి దుప్పటి అంత పొడవు లేదు కనుక మంచం దిగు అన్నారన్నమాట. అయితే నిబంధన నిబంధనే. క్లబ్ వాదించింది, నిరసన తెలిపింది, కానీ వాదన మీదనే ఆధారపడి కూర్చోలేదు. 'ఎయిబార్‌ను కాపాడండి' అన్న పిలుపుతో, ఒక్కొక్కటి 50 యూరోల చొప్పున వాటాలను ప్రపంచంలో ఎవరైనా కొనుక్కోవచ్చునని ప్రకటించింది.

ఎవరో ఒక కోటీశ్వరుణ్ణి వెతికి పట్టుకుంటే ఆ మొత్తం ఒక్క సంతకంతో వచ్చి ఉండేది. క్లబ్ ఆ దారి పట్టలేదు. ఏ ఒక్కరూ లక్ష యూరోలకు మించి వాటాలు కొనరాదని హద్దు పెట్టింది. సొమ్ము అత్యవసరమైన వేళ, సొమ్ము ఇస్తామని వచ్చేవారికి హద్దు గీయడం తెగువ అనాలో మొండితనం అనాలో నాకు తెలియదు కానీ, ఈ క్లబ్ చరిత్రలో ఏ గోలు కంటే కూడా నేను ఈ నిర్ణయాన్నే గొప్పగా ఎంచుతాను. అలొన్సో, సిల్వా వంటి పూర్వ ఆటగాళ్లు పిలుపుకు గొంతు కలిపారు. ఎయిబార్ ఎక్కడుందో పటంలో చూపించలేనివారు కూడా ఇంటర్నెట్ ద్వారా వాటాలు కొన్నారు. గడువుకు ఇంకా కొన్ని వారాలు ఉండగానే, జూలైలోనే, కావలసిన మొత్తం సమకూరింది. యాభైకి పైగా దేశాలకు చెందిన వేలాది మంది ఆ క్లబ్‌కు వాటాదారులయ్యారు.

2014 ఆగస్టు 24న, ఐదు వేల పైచిలుకు కుర్చీలున్న ఇపురువాలో, రియల్ సొసియెదాద్‌తో తొలి ప్రథమ శ్రేణి మ్యాచ్ జరిగింది. మొదటి సగం ముగియబోతుండగా దొరికిన ఫ్రీ కిక్‌ను హావి లారా గోల్‌గా మలిచాడు. ఆ ఒక్క గోలుతోనే ఎయిబార్ గెలిచింది. సీజన్ మొదటి సగం ముగిసేసరికి 27 పాయింట్లతో జట్టు నిశ్చింతగా ఉంది. రెండవ సగంలో ఏమైందో ఏమో, వచ్చినవి 8 పాయింట్లే. చివరి రోజున కొర్దోబాను 3-0 తేడాతో ఓడించినా ఫలితం లేకపోయింది. గ్రనాదా, దిపోర్తివో, ఎయిబార్ మూడూ 35 పాయింట్లతో సమానంగా నిలవగా, పరస్పరం ఆడిన మ్యాచ్‌ల లెక్కలో వెనుకబడిన ఎయిబార్ 18వ స్థానానికి జారి, దిగిపోయే మూడు జట్లలో ఒకటయింది.

కథ అక్కడితో ముగిసిపోవలసినదే. కానీ ఆ జూన్ నెలలో లీగ్ నిర్వాహకులు ఎల్చె అనే క్లబ్ మీద చర్య తీసుకున్నారు. ఎల్చె పట్టికలో 13వ స్థానంలో, భద్రంగా ఉంది. మైదానంలో అది చేసిన తప్పేమీ లేదు. అయితే పన్ను బకాయిలు, ఆటగాళ్లకు చెల్లించవలసిన జీతాల బాకీలు పేరుకుపోయాయి. అందుకు శిక్షగా ఎల్చెను కింది శ్రేణికి దింపివేసి, ఆ ఖాళీలో ఎయిబార్‌ను నిలబెట్టారు. ఏడాది కిందట డబ్బు లెక్కే ఎయిబార్‌ను కిందికి తోయబోయింది. ఏడాది తిరిగేసరికి డబ్బు లెక్కే దానిని పైన నిలిపింది. మధ్యలో నలిగిపోయింది మాత్రం ఎల్చె అభిమానులు. గెలిచి కూడా దిగిపోయిన ఆ ఊరివాళ్ల బాధను మరచిపోయి ఎయిబార్ అదృష్టాన్ని గురించి మాత్రమే మాట్లాడడం న్యాయం కాదు.

గరితానో తప్పుకోగా, పదేళ్ల కిందట ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయిన మెందిలిబార్ మళ్లీ కోచ్‌గా వచ్చారు. చిన్న జట్లు సాధారణంగా తమ గోల్ ముందు గోడ కట్టుకుని కూర్చుంటాయి. మెందిలిబార్ జట్టు అందుకు భిన్నంగా, రక్షణ వరుసను మైదానం మధ్య వరకు జరిపి, ఎదుటివారి సగంలోనే బంతి కోసం వెంటపడేది. ఇపురువా మైదానం ఇరుకు కావడం కూడా ఆ ఆటకు కలిసివచ్చింది. 14, 10, 9, 12, 14: ఆయన మొదటి ఐదు సీజన్లలో జట్టు నిలిచిన స్థానాలివి. 2017 మే నెలలో క్యాంప్ నూలో జపాన్ ఆటగాడు తకాషి ఇనుయి రెండు గోల్స్ కొట్టి బార్సిలోనాను కాసేపు చెమటలు పట్టించాడు. చివరకు 4-2తో బార్సిలోనాయే గెలిచిందనుకోండి. 2018 నవంబరు 24న మాత్రం ఇపురువాకు వచ్చిన రియల్ మాడ్రిడ్ 3-0తో ఓడి వెళ్లింది.

లెక్కల పుస్తకం కూడా ఆటలాగే చురుకుగా నడిచింది. మార్క్ కుకురెయా అనే కుర్రవాణ్ణి బార్సిలోనా నుంచి అరువు తెచ్చుకున్న ఎయిబార్, ఒప్పందం ప్రకారం 2019 జూన్‌లో 20 లక్షల యూరోలు చెల్లించి సొంతం చేసుకుంది. రెండు మూడు వారాలు తిరగకుండానే బార్సిలోనా 40 లక్షలు ఇచ్చి అతణ్ణి వెనక్కు తీసుకుంది. వచ్చిన ఆదాయంతో స్టేడియాన్ని కొద్దికొద్దిగా పెంచి 8 వేల కుర్చీల వరకు తెచ్చారు.

2020-21 సీజన్‌లో ఎయిబార్ 30 పాయింట్లతో అట్టడుగున నిలిచి కిందికి దిగింది. ఏడు సీజన్ల ప్రథమ శ్రేణి జీవితం ముగిసింది. కరోనా కారణంగా ఆ సీజన్ దాదాపు అంతా ప్రేక్షకులు లేకుండానే జరిగింది. ఎంతో శ్రమపడి పెంచుకున్న కుర్చీలు ఖాళీగా ఉండగా, చుట్టూ ఉన్న భవనాల బాల్కనీలలో నిలబడినవారికి మాత్రమే ఆ వీడ్కోలు కంటితో చూసే వీలు కలిగింది. మెందిలిబార్ వెళ్లిపోయారు. ఆ తరువాత ఆయన సెవియాతో 2023లోను, గ్రీస్ దేశపు ఒలింపియాకోస్‌తో 2024లోను యూరప్ స్థాయి కప్పులు గెలిచారు.

2022 మే నెలాఖరులో ఎయిబార్ మళ్లీ పై శ్రేణి గుమ్మం దాకా వచ్చింది. చివరి మ్యాచ్‌లో, అప్పటికే దిగిపోవడం ఖాయమైన అల్కోర్కోన్‌ను గెలిస్తే చాలు. ఆట ఆఖరి నిమిషాలలో గోల్ పడింది, కానీ పడింది ఎయిబార్ వలలో. 80 పాయింట్లతో, నేరుగా పైకి వెళ్లిన రెండు జట్ల కంటే ఒక్క పాయింటు తక్కువగా, మూడవ స్థానంలో ఆగిపోయింది. ఆ తరువాత, పై శ్రేణిలో మిగిలిన ఒక్క స్థానం కోసం మూడు నుంచి ఆరు స్థానాల జట్లు ఆడే ప్లే ఆఫ్ పోటీలో గిరోనా చేతిలో ఓడింది. మరుసటి ఏడాది అలవేస్ చేతిలో, ఆ పై ఏడాది ఒవియెదో చేతిలో అలాగే జరిగింది. 2014లో 50 యూరోలు పెట్టి వాటా కొన్నవారిలో చాలామంది ఇపురువాలో ఒక్కసారైనా కాలు పెట్టి ఉండరు. అయినా ప్రతి మే నెలలోనూ ద్వితీయ శ్రేణి పట్టికలో మొదటి ఆరు పేర్లు తిరగేసే అలవాటు మాత్రం వాళ్లకు పట్టుకుంది.

సెలవు.