మూడు డిస్కులు, ఒకే బీరువా

సభకు నమస్కారం. శ్రీకాకుళంలో ఈ ఎండలో కూడా ఇంతమంది గ్రంథాలయానికి వచ్చినందుకు సంతోషం. పేరుపేరునా చెప్పవలసిన మర్యాదలు అధ్యక్షులవారు ముందే పూర్తిచేశారు.

సమాచారాన్ని అనేక కంప్యూటర్లలో పంచి దాచే పద్ధతుల గురించి మాట్లాడమన్నారు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ ప్రచురించిన గణితంతో మొదలుపెట్టాలని రాసుకొచ్చాను. ఇక్కడ నిలబడ్డాక తిత్లీ తుపాను సంగతే ముందు చెప్పాలనిపిస్తోంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో మీకు నేను చెప్పాలా? మా మేనత్త పాడిన ఊడుపు పాటలు అరవైకి పైగా రికార్డు చేసి ఒక సంస్థకు అప్పగించాను. ‘మూడు ప్రతులు తీశాం, దిగులు పడకండి’ అన్నారు. నిజమే, మూడు డిస్కులు. మూడూ ఒకే గదిలో, ఒకే బీరువాలో, ఒకే అరలో! పైకప్పు రేకులు లేచిపోయాయి, రాత్రి కురిసిన వానంతా ఆ బీరువా మీదే పడింది. మేనత్త అప్పటికే లేదు. మళ్లీ ఎవరిని పాడమనను?

ప్రతులు ఎన్ని అని అడుగుతాం. ఎక్కడెక్కడ అని అడగం. సమాచారాన్ని అనేక కంప్యూటర్లలో పంచి దాచే హడూప్ అనే వ్యవస్థ మామూలుగా మూడు ప్రతులు ఉంచుతుంది, కానీ వాటిని కనీసం రెండు వేర్వేరు ర్యాకుల్లో, అంటే కంప్యూటర్లు పేర్చే బీరువాల్లో, పెడుతుంది. ఒక ర్యాకుకు కరెంటు పోతే అన్నీ ఒకేసారి పోకూడదని.

ఇక ఆ రీడ్, సాలమన్‌ల గణితం. దాచవలసినవి 7, 5 అనే రెండు అంకెలు అనుకోండి. వాటి కూడిక 12. మొదటిదానికి రెండోదాని రెట్టింపు కలిపితే 17. ఈ నాలుగూ నాలుగు చోట్ల పెట్టండి. అసలైన 7, 5 రెండూ పోయాయా? 17లోంచి 12 తీస్తే 5, 12లోంచి 5 తీస్తే 7! ఏ రెండు మిగిలినా చాలు. మూడు ప్రతులు కూడా రెండు నష్టాలను తట్టుకుంటాయి, కానీ మూడు రెట్ల చోటు తింటాయి. ఇక్కడ రెండు రెట్లే. ఫేస్‌బుక్ వాళ్లు సమాచారాన్ని పది ముక్కలు చేసి, వాటికి ఇలాగే లెక్కకట్టిన నాలుగు అదనపు ముక్కలు కలిపి 1.4 రెట్లతోనే నాలుగు నష్టాల దాకా కాచుకున్నారు. దీనికీ ఖర్చుంది: ఒక్క ముక్క పోయినా తిరిగి కట్టడానికి పది ముక్కలు చదవాలి.

కానీ ఆ పద్నాలుగు ముక్కలూ ఉద్దానంలోనే పెడితే? నేను మళ్లీ అక్కడికే వస్తున్నాను, క్షమించండి. శ్రీకాకుళానికీ విజయనగరానికీ ఒకే తుపాను రావచ్చు. కాబట్టి మన నాలుగు ముక్కల్లో రెండుకు మించి ఈ తీరంలో ఉండకూడదు. మిగతావి అనంతపురంలోనో హైదరాబాదులోనో ఉండాలి.

అమ్మలారా, అయ్యలారా, మీ ఇళ్లలో తప్పెటగుళ్ల క్యాసెట్లు, జముకుల కథల క్యాసెట్లు ఉన్నాయని నాకు తెలుసు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే యంత్రం వెనుక బల్ల మీద పెట్టాను. అనంతపురంలో ఒక ముక్క దాచడానికి నా మిత్రుడు ఒప్పుకున్నాడు. హైదరాబాదులో బంధువులున్నవారు ఒక్కరు చేయెత్తండి. ఆ నాలుగో చోటు ఇంకా దొరకలేదు.