ఒంటిపూట బడి: ఎండను ఎక్కడ కొలుస్తున్నాం?

అందరికీ నమస్కారం.

మార్చి 15 వస్తోందంటే పిల్లలకు సగం పండగ. ఒంటిపూట బడులు మొదలు. ఆ రోజు ఎండ ఎంత ఉందని ఎవరూ చూడరు, చాలా ఏళ్ళు దాదాపు అదే తేదీకి ఆర్డర్ వస్తుంది. పరీక్షలు, సిలబస్ ముందే వేసుకోవాలి కాబట్టి తేదీ ఉండాల్సిందే, కాదనను. కానీ 2023లో ఏమైంది? జూన్ 12న ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచేసరికి ఎండలు ఇంకా మండుతున్నాయి. ఒక వారం ఒంటిపూట అన్నారు, అదీ చాలక 24 దాకా పొడిగించారు.

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు. 45 తాకితే ఎలాగూ వడగాడ్పే. ఈ డిగ్రీలు నీడలో, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉన్న థర్మామీటర్‌వి. మా ఐదో తరగతి కూర్చునేది రేకుల షెడ్డులో! ఫ్యాన్ వేస్తే పైనున్న వేడిని కిందికి నెట్టేది. ఒక ఏడాది సైన్స్ ల్యాబ్ థర్మామీటర్ తెచ్చి కిటికీ పక్కన కట్టాను. మర్నాటి పేపర్లో పడే అంకెకంటే ఎప్పుడూ ఎక్కువే చూపించేది.

పైగా ఒంటిపూట బడి వదిలేది పన్నెండున్నరకి. చెప్పుల్లేని పిల్లలు తారురోడ్డు మీద మడమలెత్తి, వేపచెట్టు నీడ దాకా ఒకే పరుగు. తెలంగాణలో పదో తరగతి పరీక్షల సెంటర్ పడిన బడులదైతే మరీ విడ్డూరం. అక్కడ ఒంటిపూట అంటే మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఐదింటి దాకా!

అలాగని మూసేద్దామా? మూస్తే మధ్యాహ్న భోజనం పోతుంది. అమ్మ ఉపాధి పనికి వెళ్తే పిల్లవాడు ఉండేది ఇంకో రేకుల కిందే. 2023 జూన్‌లో ఏడున్నరకు మొదలుపెట్టి, మధ్యలో రాగిజావ ఇచ్చి, పదకొండున్నరకు అన్నం పెట్టారు. అంటే వేళలు మార్చడం మనకు చేతకానిదేమీ కాదు. ఏ రోజు మార్చాలో చెప్పే మాట బడి నుంచి పైకి వెళ్ళడం లేదు, అంతే.

కాబట్టి ఈ వేసవికి మీ బడిలో అన్నిటికంటే ఉక్కగా ఉండే గదిలో ఒక థర్మామీటర్ కట్టండి. రోజూ పదకొండింటికి ఎంత చూపిస్తోందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎంఈవో (మండల విద్యాధికారి) గారు వచ్చిన రోజు, టీ కంటే ముందు ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టండి.